వేదికకు అతి సమీపంలో

బహదూర్‌పురా,
ఆగస్టు 3, 2025.

బావకూ అక్కకూ నమస్కారాలు.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ పోయినసారి చేసినప్పుడు మీకు నా మాట ఒక్కటీ వినిపించలేదు, అయినా అన్నిటికీ జవాబు చెప్పారు. ఉద్యోగమంతా మైకుల పక్కన నిలబడ్డ చెవులు, వాటి తప్పేముంది? పైగా కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క అని మీరే అంటారు కదా. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

మా అమ్మాయి సుజన సంగతి మీకు తెలిసిందే. నాలుగేళ్ళుగా ఆ శ్రీవత్సనే చేసుకుంటానంటోంది. అబ్బాయి మంచివాడు, ఇంజనీరు. చిక్కంతా వాళ్ళ నాన్న జగన్నాథరావుగారితో. కాకినాడ వైపు మనిషి, లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు, గుడిమల్కాపూర్‌లో ఫ్లాటు. ఇన్నాళ్ళూ మన పేరెత్తితేనే లేచి వెళ్ళిపోయేవారట. ఇప్పుడు ఒకసారి కలవడానికి ఒప్పుకున్నారు. అయితే మా ఇంటికి రారు. "చూసుకోవడాలు వాళ్ళే చూసేసుకున్నారు, ఇక మేం వచ్చి చూసేదేముందండీ?" అన్నారట. మనం వెళ్దామంటే దాని తల్లి రాజమణి ఒప్పుకోదు. "మనమే పోయి బతిమిలాడితే రేపటి సంది పిల్లకు ఆ ఇంట్ల ఇజ్జత్ ఉంటదా?" అంటుంది.

సుజన మాత్రం ఒకటే పట్టు పట్టింది. రెండిళ్ళవాళ్ళూ మనస్ఫూర్తిగా వచ్చి కూర్చుంటేనే పెళ్ళి, లేకపోతే అసలు పెళ్ళే వద్దంటోంది. దానికి ముప్పై నిండాయి బావా.

అబ్బాయే ఒక దారి చెప్పాడు. మా పక్కనున్న పార్కులో కొత్తగా ఒక నాటకశాల కట్టారు. నాలుగువందల ఏళ్ళ కింద ఇంగ్లండులో ఉండే నాటకశాలకు అచ్చు నకలట. గుండ్రంగా, మొత్తం కర్రతో, చుట్టూ మూడంతస్తుల వసారాలు, వాటికి గడ్డి కప్పు. మధ్యలో మాత్రం ఆకాశమే. మా రాజమణి చూసొచ్చి, "గంత పెద్దగ కట్టి నడిమిట్ల కప్పేసుడు మర్చిపోయిండ్రా ఏంది?" అంది. దాన్ని కట్టినవాళ్ళలో శ్రీవత్స కూడా ఒకడు. ఇరవైనాలుగున మొదటి నాటకం. ఇరుపక్షాల తల్లిదండ్రులకూ కలిపి నాలుగు పాసులు నా చేతికే ఇచ్చాడు. రెండో అంతస్తులో బెంచీలు. ఎవరింటికి ఎవరూ పోయినట్టు కాదు, పక్కపక్కన కూర్చుంటారు, నాటకం నడుస్తున్నంతసేపూ మాట్లాడాల్సిన పనిలేదు అన్నాడు. పిల్లవాడికి లోకజ్ఞానం బాగానే ఉంది.

మీరు సర్వీసంతా సర్కారు సభల్లో మంత్రులను కూర్చోబెట్టిన మనిషి. రావుగారికి ఏ లోటూ రాకుండా ఎట్లా చూసుకోవాలో రాయండి.

మీ బామ్మర్ది
వెస్లీ


జహీరాబాద్,
ఆగస్టు 9, 2025.

వెస్లీకి,

దేవుని దయవల్ల మీ అక్కా నేనూ మూడు పూటలా తింటున్నాం. చెవి మిషను మళ్ళీ పాడైంది. అది లేకపోతేనే ప్రశాంతంగా ఉందని మీ అక్క అంటోంది. ఎవరికి ప్రశాంతమో చెప్పలేదు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. సమయానికి అడిగావు. ఆ పాసులు వెంటనే మార్చు.

రెండో అంతస్తా? మోకాళ్ళ నొప్పులుండే వయసు మనిషిని మెట్లెక్కిస్తావా? సభామర్యాదలో మొదటి సూత్రం: ఎంత పెద్దమనిషి అయితే వేదికకు అంత దగ్గర. ముందు సోఫాలు, వాటి వెనక గుడ్డ తొడిగిన కుర్చీలు, ఆ వెనక ప్లాస్టిక్ కుర్చీలు, తర్వాత తాడు. తాడు అవతల జనం. ఇంకా అవతల, మిద్దెలెక్కి చూసేవాళ్ళు. నా సర్వీసులో మిద్దె మీదికి ఒక్క పెద్దమనిషిని పంపిన పాపాన పోలేదు.

నువ్వు వెంటనే సినిమా హాలు సంగతి ఎత్తుతావని నాకు తెలుసు. బాల్కనీ గొప్ప, నేల టికెట్టు తక్కువ అంటావు. నేను జన్మలో సినిమా హాలు మెట్లెక్కలేదు, ఎక్కను. తెరకూ మనుషులకూ పోలిక లేదు. బతికున్న మనుషులు వేదిక మీద ఉంటే ముందు వరుసే గౌరవం.

రెండో సంగతి, దండ. బొకేలు వద్దు, అవి జిల్లా స్థాయికే. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో గులాబీ దండ, బరువుగా, చేతిమందంతో కట్టించు. అందరూ చూస్తుండగా వెయ్యి. మూడో సంగతి, ఆయన పక్కనే ఉండు, ఏం కావాలన్నా నువ్వే అందించు.

పెళ్ళి చర్చిలో కాదని నాకు మనసులో బాధే. అయినా ప్రభువు చూసుకుంటాడు. మనం కుర్చీల సంగతి చూద్దాం.

నీ బావ
సామ్యూల్


బహదూర్‌పురా,
ఆగస్టు 26, 2025.

బావకు,

అక్కకు బీపీ మాత్ర వేసి, ఆ తర్వాత ఈ ఉత్తరం చదివి వినిపించండి.

మీరు చెప్పినట్టే చేశాను. పై అంతస్తు పాసులిచ్చి వేదిక ముందరి పాసులు తీసుకోవడానికి ఏం కష్టపడలేదు. కాలేజీ పిల్లలు నలుగురు గేటు దగ్గరే దొరికారు. "నిజంగానా అంకుల్? పక్కానా?" అని మూడుసార్లు అడిగి, నేను మనసు మార్చుకునేలోపు పరుగెత్తారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆదివారం ఆరాధన ముగిశాకే వెళ్ళాం. రావుగారు గంజి పెట్టిన తెల్లచొక్కాలో, కమలకుమారిగారు పట్టుచీరలో వచ్చారు. లోపలికి వెళ్ళి చూస్తే వేదిక ముందు మట్టినేల తప్ప ఏమీ లేదు. సోఫా లేదు, కుర్చీ లేదు, తాడు కూడా లేదు. హుస్సేనీ ఆలం నుంచీ, బహదూర్‌పురా నుంచీ వచ్చిన పిల్లలు శనగలు తింటూ కిక్కిరిసి నిలబడ్డారు. అక్కడ కర్ర పట్టుకుని తిరిగే అబ్బాయిని అడిగాను.

"కుర్చీలు ఎటు దిక్కున్నయ్ భాయ్?"

"కుర్చీలుండయి చాచా. ఈడ నిలబడి చూసుడే. అప్పట్ల గరీబోళ్ళు గిట్లనే చూస్తుండెనంట. పెద్దపెద్దోళ్ళంత ఊపర్."

పైకి చూశాను. మన బెంచీ మీద ఆ కాలేజీ పిల్లలు కూర్చుని, గడ్డి కప్పు కింద పాప్‌కార్న్ తింటూ నాకు చెయ్యి ఊపారు.

అంతటితో ఆగినా బాగుండేది. దండ ఉంది కదా, మీరు అందరి ముందూ వేయమన్నారు కదా, వేశాను. ఆయన వంటింటి కిటికీలోంచి కనిపించే మార్కెట్‌లోనే కొన్నానని తర్వాత తెలిసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరో కార్పొరేటర్ వచ్చాడనుకుని ఈలలు వేశారు. ఇద్దరు సెల్ఫీ కూడా తీసుకున్నారు. రావుగారు మెడలో దండతో, జనం మధ్యలో అట్లాగే నిలబడ్డారు.

నాటకం నడిచింది. ఒక రాజు, కొట్లాడుకునే ఇద్దరు మంత్రులు, ఒక విదూషకుడు. రాజు ఏడ్చే చోట పక్కనే ఉన్న జూలోంచి సింహం గర్జించింది. జనమంతా చప్పట్లు కొట్టి వన్స్‌మోర్ అన్నారు. నవ్వొచ్చింది కానీ, రావుగారు నవ్వలేదు గనక నేనూ నవ్వలేదు.

ఆ తర్వాత వాన. వసారాల్లో ఉన్నవాళ్ళ మీద ఒక్క చినుకు పడలేదు. మా మీద ఆకాశం మొత్తం పడింది. నేను గొడుగు తీసి రావుగారికి పట్టాను. వెనకనుంచి "ఛత్రీ బంద్ కరో!" అని ఒకటే లొల్లి. పట్టమని రాజమణి, మూయమని జనం. ఇంతలో ఆ విదూషకుడు వేదిక అంచుకు వచ్చి, వేలు చూపించి, "అరే చూడుండ్రి! మా రాజుకు గొడుగు పట్టెటోడు లేడు గని దండ ఏసుకున్న ఈ పెద్దసారుకు ఉన్నడు!" అన్నాడు. అంతా విరగబడి నవ్వారు. నేను గొడుగు మూసేశాను. రావుగారి మొహం ఎర్రబడింది. కాసేపటికి, నాటకం ఇంకా అయిపోకముందే, ఒక్క మాట కూడా చెప్పకుండా గుంపును నెట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. ఆయన వెనక కమలకుమారిగారు, ఆమె వెనక శ్రీవత్స. మళ్ళీ రాలేదు.

సుజన ఏడవలేదు. "పోనీ డాడీ, నువ్వు మంచికే చేసినవ్" అని తన గదిలోకి వెళ్ళింది. అది ఏడ్చి కేకలేసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. రెండు రోజుల్నుంచి శ్రీవత్స ఫోన్ వస్తే ఎత్తడం లేదు. నా చేతులతోనే నా బిడ్డ పెళ్ళి చెడగొట్టానేమోనని భయంగా ఉంది బావా.

మీ బామ్మర్ది
వెస్లీ


జహీరాబాద్,
ఆగస్టు 31, 2025.

వెస్లీకి,

నువ్వు తప్పు గేటులోంచి వెళ్ళి ఉంటావు. వేదిక ముందు కుర్చీలు లేని సభ ఈ దేశంలో ఉండదు. ఇంగ్లండులోనూ ఉండదు, మనకు నేర్పింది వాళ్ళే కదా. సరే, జరిగిపోయింది.

భయపడకు. నేను రంగంలోకి దిగాను. మీ అక్కతో సుజనకు ఫోన్ చేయించి, ప్రార్థన కార్డు పంపాలని చెప్పి, జగన్నాథరావుగారి అడ్రసు తీసుకున్నాను. ఆయనకు రిజిస్టర్ పోస్టులో ఒక ఉత్తరం పంపాను. నకలు నా దగ్గరుంది. ముఖ్యభాగం నీకోసం ఎత్తి రాస్తున్నాను.

"తేదీ 24-8-2025 నాడు జరిగిన నాటక ప్రదర్శనకు తమరు ప్రథమ శ్రేణి అతిథులుగా నిర్ణయించబడి, వేదికకు అతి సమీపంలో ఉంచబడ్డారని ఇందుమూలంగా తెలియజేయడమైనది. సదరు స్థానం తమ హోదాను దృష్టిలో ఉంచుకుని, అనుభవజ్ఞులైన ఈ క్రింద సంతకం చేసినవారిచే స్వయంగా ఎంపిక చేయబడినది. ఆసనముల లోపము స్థానిక నిర్వాహకులైన వెస్లీ గారిది."

చివరి వాక్యం నీకు కష్టంగా ఉంటుంది. కానీ బాధ్యత ఎవరో ఒకరి మీద పెట్టకపోతే కాగితానికి విలువ ఉండదు. సుజనను అన్నం తినమను. వానలో తడిసినందుకు నువ్వు మిరియాల కషాయం తాగు.

నీ బావ
సామ్యూల్


బహదూర్‌పురా,
సెప్టెంబర్ 15, 2025.

బావకు,

మీ ఉత్తరం అందిన రోజు నేను మీకు రాసిన జవాబు రాజమణి చింపేసింది. మంచిపని చేసింది. ఎందుకో చెప్తాను.

పోయిన శనివారం పొద్దున నేను వాటర్‌బోర్డు డ్యూటీలో పైపు లీకేజీ పని చూసుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు కొత్త చెప్పులు రెండు జతలున్నాయి. లోపల మా కుర్చీలో జగన్నాథరావుగారు! చేతిలో మీ ఉత్తరం, ప్లాస్టిక్ కవరులో పెట్టి. పక్కన కమలకుమారిగారు రాజమణి చేసిన డబుల్ కా మీఠా తింటున్నారు.

కమలకుమారిగారే అసలు సంగతి రాజమణికి వంటింట్లో చెప్పారు. ఆ రోజు రావుగారికి కోపమూ లేదు, పాడూ లేదు. ఆయనకు షుగరు. వాన చల్లదనానికి బాత్రూముకు వెళ్ళాల్సి వచ్చింది, ఆ గుంపులోంచి ఎట్లా బయటపడాలో తెలియలేదు. మొహం ఎర్రబడింది అందుకు. బయటపడ్డాక పార్కులో గేటు దారి తప్పారు, ఈలోపు బట్టలన్నీ తడిసిపోయాయి, ఆటో దొరికింది, ఎక్కారు. ఆ తర్వాత వారం రోజులు జ్వరం. ఆ మాట చెప్పడానికే శ్రీవత్స అన్నిసార్లు ఫోన్ చేశాడు. మన సుజన ఎత్తితే కదా.

"ఆయనకు నాటకం తెగ నచ్చేసిందండీ! రాజుగారు ఏడుస్తుంటే కళ్ళల్లో నీళ్ళు కూడా దగ్గరగా కనిపించాయట. ఇంటికొచ్చి నాకు మళ్ళీ వేసి చూపించారు" అన్నారట ఆవిడ.

అయితే మాత్రం, పెళ్ళికి సరేనని చెప్పడానికి ఇంకా బెట్టుగానే ఉన్నారట. అప్పుడు మీ ఉత్తరం వెళ్ళింది. ఆయన సర్వీసంతా ఏ సభకు వెళ్ళినా తాడు వెనకే నిలబడ్డారట. ఒక్కసారి ముందుకొచ్చి కూర్చుంటే మీలాంటి ఆయన ఎవరో లేపి పంపించారట. అది మీరే అయి ఉంటారని నాకు నమ్మకం, కానీ పైకి అనలేదు. ఇన్నేళ్ళకు ఎవరో తనను కాగితం మీద ప్రథమ శ్రేణి అన్నారని పొద్దున నడకకు వచ్చే స్నేహితులందరికీ చూపించారట. నాతో, "మీ బావగారు మనిషి విలువ తెలిసినవారండీ. ఆసనాల లోపం మీదేనని కూడా నిర్మొహమాటంగా రాశారు. మీరేం అనుకోకండి, నేను క్షమించేశాను" అన్నారు.

రెండు గంటలు ఆయన పక్కన నిలబడి వానలో తడిసింది నేను. క్షమాపణ దొరికింది నాకు. మర్యాద దొరికింది మీకు. అయినా సుజన మొహం చూస్తే ఇవన్నీ మరిచిపోయాను. ఒప్పుకున్నారు బావా! డిసెంబరులో రిజిస్టర్ పెళ్ళి, సాయంత్రం ఫంక్షన్ హాల్లో వేడుక. సుజన ఆ రాత్రి మూడు రొట్టెలు తిన్నది.

ఒక్క షరతు పెట్టారు. వేడుక మొత్తం మీ చేతుల మీదుగా జరగాలట. పెళ్ళికూతుర్ని వేదిక దగ్గరికి తీసుకువచ్చేది కూడా "ఆ పెద్దాయనే" అయితే బాగుంటుందన్నారు. మీకు రాస్తానని చెప్పి ఊరుకున్నాను. మీరే ఆలోచించి జవాబు రాయండి.

మీ బామ్మర్ది
వెస్లీ


జహీరాబాద్,
సెప్టెంబర్ 21, 2025.

వెస్లీకి,

చూశావా? ఒక్క కాగితం ఎంత పని చేసిందో! మీ అక్క మాత్రం ఆ వానే చేసింది అంటోంది. ఆమెకు పరిపాలన తెలియదు.

జగన్నాథరావుగారి కోరికను నేను కాదనలేను. పెద్దరికం మనం అడిగి తెచ్చుకునేది కాదు, ఇచ్చినప్పుడు పుచ్చుకోవాలి. ఏర్పాట్లు ఇలా అనుకున్నాను. మధ్య సోఫాలో రావుగారు, ఆయన కుడిపక్క నేను. ఎడమపక్క కమలకుమారిగారు, మీ అక్క. రెండో వరుసలో రాజమణి. నువ్వు గేటు దగ్గర ఉండాలి, వచ్చేవాళ్ళను పలకరించడానికి ఇంటిమనిషి ఒకరు లేకపోతే బాగుండదు. భోజనాల దగ్గర నీళ్ళు కూడా చూసుకో, అది నీ శాఖే.

బ్యాండు మొదలవగానే నేను సోఫాలోంచి లేచి, వెనక్కి వెళ్ళి, సుజన చెయ్యి పట్టుకుని వేదిక దాకా నడిపిస్తాను. దానికోసం నల్లకోటు ఇస్త్రీకి ఇచ్చాను, కొంచెం బిగుతైంది. వెనక నడవాల్సిన పిల్లల ఎత్తులు రాసి పంపు.

నీ బావ
సామ్యూల్


బహదూర్‌పురా,
సెప్టెంబర్ 28, 2025.

బావకు,

మీ ఏర్పాట్ల ఉత్తరం సుజన చదివింది. నేను చూపించలేదు, పోస్ట్‌మన్ దాని చేతికిచ్చాడు. చదివి, మడిచి, నా ముందు పెట్టింది.

"మామయ్య అంటే నాకు పానం. గని నా చెయ్యి పట్టుకొని నడిచేది నువ్వే డాడీ. నువ్వు గేటు కాడ నిలబడితే నేను ఆ హాల్‌కే రాను. ఆ సార్‌కు నచ్చకుంటే ఈ పెండ్లే వద్దు. పోయి చెప్పు" అంది.

నాలుగేళ్ళు ఆ అబ్బాయికోసం కాచుకున్న పిల్ల, నాకోసం అతన్ని వదులుకుంటానంది. సంతోషమూ దుఃఖమూ ఒకేసారి వచ్చాయి. ఇక మీ సలహా అడగలేదు. రాజమణి వద్దంటున్నా వినకుండా ఒక్కణ్ణే గుడిమల్కాపూర్ వెళ్ళాను. రావుగారు తలుపు తీశారు. కూర్చోమనేలోపే, గుమ్మంలో నిలబడే చెప్పేశాను. "అయ్యా, మీ గౌరవానికి ఏ లోటూ రానివ్వను. మా బావను మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. కానీ నా బిడ్డను నేనే నడిపించుకొస్తాను. దీనికి మీరు కోప్పడితే నేను చేయగలిగింది లేదు" అన్నాను.

ఆయన కంగారుపడి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళారు. "అయ్యో, అదేంటండీ! మా వాళ్ళలో పెళ్ళికూతుర్ని మేనమామ బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా తీసుకొస్తాడు. తల్లిదండ్రులు పీటల మీదే ఉంటారు. మీ ఇంట్లో మేనమామ లేడని శ్రీవత్స చెప్పాడు, మామ వరసైన పెద్దాయన ఆయనొక్కరే కదా, ఆ ముచ్చటకు లోటు రాకూడదని అన్నాను. మీ వాళ్ళలో తండ్రి నడిపిస్తాడని నాకెలా తెలుస్తుంది? తెలిస్తే ఆ మాట అంటానా? మీ స్థానం ఇంకొకరికి ఇమ్మంటానా?" అన్నారు. కమలకుమారిగారు కాఫీ తెచ్చారు. తాగి వచ్చాను. వస్తుంటే ఆయన లిఫ్టు దాకా వచ్చి, మొదటిసారి నన్ను బావగారూ అని పిలిచారు.

డిసెంబరు పన్నెండు సాయంత్రం. అక్కను తీసుకుని రెండు రోజులు ముందే రండి. సోఫాలు మీ ఇష్టమొచ్చినట్టు వేయించుకోండి, ఎవరూ అడ్డుచెప్పరు.

నా మనసులో ఉన్నది ఒక్కటే చెప్పి ముగిస్తాను. రావుగారికి మన పద్ధతి తెలియదు బావా. మీకు తెలుసు.

సుజన తండ్రి
వెస్లీ